తమిళ ప్రేమకథలకు, కామెడీలకు సమీక్ష రాయడం ఎలా? టికెట్ కొన్నప్పటి నుంచి పోస్ట్ పెట్టేదాకా

తమిళ ప్రేమకథకో కామెడీకో రివ్యూ రాద్దామని కూర్చుంటే చాలామందికి చేతికొచ్చే వాక్యాలు మూడే: ఫస్టాఫ్ సరదాగా ఉంది, సెకండాఫ్ సాగదీశారు, మ్యూజిక్ ప్లస్. ఇవి ఏ సినిమాకైనా అతుకుతాయి, అందుకే చదివినవాళ్లకి ఏమీ చెప్పవు. ఈ తరహా సినిమాల్లో సమీక్షకుడు తేల్చాల్సినవి రెండు. నవ్వు ఎక్కడ పుట్టింది? ప్రేమ ఏ సీన్లో నమ్మించింది, లేదా ఎక్కడ నమ్మించలేకపోయింది?

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో పని అదనం. మనం చూసే తమిళ సినిమా చాలాసార్లు తెలుగు మాటలు తొడుక్కుని వస్తుంది. కాబట్టి మొదటి మెట్టు అదే.

1. ఏ వెర్షన్ చూశారో ముందు తేల్చుకోండి

మూడు రకాలుంటాయి. వీటిని కలిపేస్తే రివ్యూ మొదటి పేరాలోనే తప్పుతుంది.

డబ్బింగ్: బొమ్మ అదే, మాట వేరు. 2000లో వచ్చిన ‘అలైపాయుదే’ మనకి ‘సఖి’, 2004 నాటి ‘కాదల్’ మనకి ‘ప్రేమిస్తే’. నటన గురించి రాసేటప్పుడు ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది కావచ్చని గుర్తుంచుకోవాలి.

రీమేక్: కథ అదే, మిగతాదంతా మళ్లీ తీసింది. ‘96’ (2018) మన దగ్గర ‘జాను’ (2020), ‘ఓ మై కడవులే’ (2020) మన దగ్గర ‘ఓరి దేవుడా’ (2022). రెండింటికీ తమిళంలో తీసిన దర్శకులే తెలుగులోనూ పనిచేశారు. దర్శకుడు ఒకరే అయినా వీటిని వేర్వేరు సినిమాలుగానే చూడాలి.

రెండు భాషల్లో ఒకేసారి తీసినవి: అసలు చిక్కు వీటితోనే. గౌతమ్ మీనన్ ‘విణ్ణైత్తాండి వరువాయా’, ‘ఏ మాయ చేసావే’ 2010 ఫిబ్రవరి 26న ఒకే రోజు వచ్చాయి. తమిళంలో జంట విడిపోతుంది, తెలుగులో కలుస్తుంది. దాంతో కథానాయిక తటపటాయింపుకి అర్థమే మారిపోతుంది. తెలుగులో అది హీరో దాటాల్సిన అడ్డంకి, తమిళంలో అదే కథ తేల్చిన ఫలితం. ఒకటి చూసి రెండోదాని గురించి రాస్తే మొత్తం తల్లకిందులవుతుంది.

రివ్యూ పైన ఒక్క వాక్యం పెట్టండి: “తమిళ ఆడియో, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూసి రాసింది” లేదా “తెలుగు డబ్బింగ్, థియేటర్లో”. నచ్చని పాఠకుడు కూడా మీతో ఎక్కడ విభేదిస్తున్నాడో తెలుసుకోగలుగుతాడు.

2. చూడబోయే ముందు అరగంట పని

ట్రైలర్ ఒక్కసారి చూడండి. అందులో ఏ జోకులు బయటపెట్టేశారో రాసుకోండి. సినిమాలో ఆ జోకు దగ్గర హాలు నవ్వకపోతే తప్పు సీన్‌ది కాకపోవచ్చు, ముందే చూపించి దాని పస తీసేసి ఉండొచ్చు.

దర్శకుడి పాత సినిమా ఒకటి, మాటలు వేరే రచయిత రాసి ఉంటే ఆయనది ఒకటి, కనీసం కొంత భాగమైనా చూసి ఉండాలి. తమిళ కామెడీలో మాటల రచయితకి ఉన్న బరువు ఎక్కువ. క్రేజీ మోహన్ రాసిన సినిమాని దర్శకుడి పేరు మీదే చర్చిస్తే సగం వదిలేసినట్టే.

సినిమా మొదట్లో పడే సెన్సార్ సర్టిఫికెట్‌ని గమనించండి. నిడివి, కేటగిరీ అందులోనే ఉంటాయి. 2024 సెన్సార్ రూల్స్ తర్వాత యూఏ కేటగిరీ (పెద్దల మార్గదర్శనంతో పిల్లలు చూడొచ్చనేది) 7+, 13+, 16+ అని మూడుగా విడిపోయింది, కాబట్టి “యూఏ” అని ఊరుకోకుండా ఏ వయసో రాయండి. డబ్బింగ్ వెర్షన్‌కి వేరే సర్టిఫికెట్ ఉంటుంది. తమిళం నిడివి చూసి తెలుగుకి రాయకండి.

వెంట తీసుకెళ్లాల్సినవి:
- చేతిలో ఇమిడే నోటుపుస్తకం, చప్పుడు చేయని పెన్ను
- చేతి గడియారం (ఫోన్ వెలుగు పక్కవాళ్లకి చిరాకు)
- ముందే రాసుకున్న పాత్రల పేర్లు, నటుల పేర్లు

3. చూస్తున్నప్పుడు ఏం రాసుకోవాలి

తక్కువ రాయండి. చీకట్లో పేరాలు రాస్తూ కూర్చుంటే నటుల ముఖాలు మిస్సవుతాయి, ప్రేమకథలో ఉండేదే అక్కడ.

నాలుగు గుర్తులు చాలు. నవ్వొస్తే ‘న’, హాలంతా నవ్వి మీకు రాకపోతే ‘హ’, మనసు కదిలితే ‘మ’, గడియారం చూసుకుంటే ‘గ’. ప్రతి గుర్తు పక్కన టైము, సీన్ గుర్తొచ్చేలా రెండు మాటలు. ‘హ’ గుర్తులు ఎక్కువైతే తీర్పు చెప్పడానికి తొందరపడకండి. మీకు అందనిది యాసో, తమిళ రాజకీయ ప్రస్తావనో, పాత సినిమా డైలాగో అయి ఉండొచ్చు. వాటి గురించి రాత్రికి వాకబు చేయండి.

ఇంటర్వెల్‌లో ఒకే వాక్యం రాయండి: “ఇప్పుడు నాకు ఏం తెలుసుకోవాలని ఉంది?” జవాబు తోచకపోతే, సెకండాఫ్ మీద పడబోయే నిందలో సగం ఫస్టాఫ్‌కే చెందుతుంది. రివ్యూల్లో దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు.

ఓటీటీలో చూస్తుంటే మొదటిసారి పాజ్ చేయకండి. పాజ్ చేస్తే కామెడీ టైమింగ్ చచ్చిపోతుంది. అయ్యాక ‘న’, ‘మ’ గుర్తులున్న సీన్లు మాత్రం తమిళ ఆడియోలో ఒకసారి, తెలుగు ఆడియోలో ఒకసారి చూడండి.

థియేటర్లో తెర మీది బొమ్మను ఫోన్లో రికార్డ్ చేయొద్దు, పది సెకన్లైనా సరే. 2023 సవరణ తర్వాత సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం దానికి 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా. రివ్యూలో నాలుగు డైలాగులు ఉదహరించడం వేరే సంగతి. విమర్శ, సమీక్షల కోసం వాడుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలు కల్పిస్తుంది.

4. కామెడీని విప్పి చూడటం

“కామెడీ వర్కవుట్ అయింది” అని రాసేముందు, ఏ రకం కామెడీ అన్నది తేల్చండి. తమిళంలో ప్రధానంగా నాలుగు దారులు కనిపిస్తాయి.

మాట మీద నడిచేది. సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘మైఖేల్ మదన కామరాజన్’ (1990) దీనికి మంచి పాఠం. కమల్ హాసన్ నాలుగు వేషాలు, క్రేజీ మోహన్ మాటలు. ఒక పంచ్‌కి నవ్వు ఆగకముందే ఇంకోటి పడుతుంది. ఇలాంటి సినిమాకి డబ్బింగ్ చూసి రాస్తే, శ్లేషలు తెలుగులో కొత్తగా పుట్టించారా, లేక వదిలేశారా అన్నది తప్పకుండా చెప్పాలి.

యాస మీద నడిచేది. ‘సతీ లీలావతి’ (1995)లో కోవై సరళ మాట్లాడే కోయంబత్తూరు వైపు కొంగు యాస, ‘తెనాలి’ (2000)లో కమల్ శ్రీలంక తమిళం, వడివేలు మదురై మాట. ‘అంద 7 నాట్కళ్’ (1981)లో భాగ్యరాజ్ పాల్ఘాట్ నుంచి వచ్చిన మలయాళీ, వచ్చీరాని తమిళమే అతని హాస్యం, అతని అమాయకత్వం కూడా. దాన్నే బాపు ‘రాధా కల్యాణం’గా తీశారు. పాత్రకి యాస ఎందుకు పెట్టారో చూడండి. ఊరివాడని నవ్వించడానికా, అతని స్వభావం చూపించడానికా?

పరిస్థితి మీద నడిచేది. పాత్రలు సీరియస్‌గానే ఉంటాయి, ఇరుక్కున్న తీరు నవ్విస్తుంది. ‘లవ్ టుడే’ (2022)లో పెళ్లికి అడిగిన జంటని అమ్మాయి తండ్రి ఒకరి ఫోన్ ఒకరు తీసుకొమ్మంటాడు. ఇక ఎవరూ జోకు వేయక్కర్లేదు, ఫోన్ మోగితే చాలు. ఈ రకం డబ్బింగ్‌లో పెద్దగా నష్టపోదు.

ముఖం మీద నడిచేది. శ్రీధర్ తీసిన ‘కాదలిక్క నేరమిల్లై’ (1964)లో నాగేష్ తాను తీయబోయే దెయ్యం సినిమా కథని తండ్రి బాలయ్యకి చెబుతాడు. చప్పుళ్లతో, చేతులతో కథంతా నాగేషే నడుపుతాడు. మన కళ్లు మాత్రం వింటూ బిగుసుకుపోతున్న బాలయ్య ముఖం మీదే ఉంటాయి. “నాగేష్ అదరగొట్టాడు” అని ఆపేస్తే సీన్‌లో సగమే చెప్పినట్టు. వినేవాడి భయాన్ని కూడా రాస్తే, చూడనివాడికి సైతం సీన్ అందుతుంది.

ఇక కామెడీ ట్రాక్ సంగతి. ఎనభైలు, తొంభైల్లో ప్రధాన కథకి పక్కన వేరే నడిచే ట్రాక్ మామూలు. పరీక్ష సులువు: ఆ సీన్లన్నీ కోసేస్తే కథ అర్థమవుతుందా? అర్థమైతే అది విడి ట్రాక్. విడిగా ఉండటం దానంతట అది తప్పు కాదు. ‘కరగాట్టక్కారన్’ (1989)లో గౌండమణి, సెంథిల్ అరటిపండు సీన్ కథకి అక్కర్లేదు, అయినా తమిళనాడు దాన్ని ఇంకా మర్చిపోలేదు. రూపాయిచ్చి రెండు పళ్లు తెమ్మంటే సెంథిల్ ఒకటే తెస్తాడు. రెండోది ఏదని అడిగితే “అదే ఇది” అంటాడు. గౌండమణి కోపం మెట్టు మెట్టుకీ పెరుగుతుంది, సెంథిల్ జవాబు అంగుళం కదలదు. నవ్వు ఆ తేడాలో ఉంది. మీ రివ్యూలో కనీసం ఒక్క జోకునైనా ఇంత దగ్గరగా విప్పి చూపించండి.

చివరగా, నవ్వు ఎవరి మీద? లావు, నలుపు, నత్తి, బట్టతల, ఆడవేషం వేసిన మగవాడు: ఈ జాబితా పాత తమిళ ట్రాకుల్లో పొడుగ్గానే ఉంటుంది, మన తెలుగు ట్రాకుల్లోనూ అంతే. “బాడీ షేమింగ్ ఉంది” అని ముద్ర వేసి వెళ్లిపోకండి. తిట్టు తిన్నవాడికి తిరిగి జవాబిచ్చే అవకాశం ఉందా, కెమెరా ఎవరి వైపు నిలబడింది అన్నది సీన్ పేరుతో సహా రాయండి.

5. ప్రేమని విప్పి చూడటం

మొదట అడ్డంకి ఎక్కడుందో వెతకండి. ‘కాదల్’లో కులం, కుటుంబం. ‘మౌన రాగం’ (1986)లో పెళ్లి అయిపోయింది, అడ్డంకి ఆమె మనసులో ఉంది. ‘96’లో గడిచిపోయిన ఏళ్లు. అడ్డంకి బలంగా లేకపోతే రచయిత సెకండాఫ్‌లో అపార్థం ఒకటి తెచ్చి పెడతాడు. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థం మీద గంటసేపు నడిస్తే, అదే మీ రివ్యూకి ప్రధాన అభ్యంతరం.

రెండోది, నమ్మించిన క్షణం. ‘96’లో స్కూల్ రోజుల్లో రామ్ ఎంత ఎదురుచూసినా జాను ఒక పాట మాత్రం పాడదు: ‘దళపతి’లోని ‘యమునై ఆట్రిలే’. ఏళ్ల తర్వాత ఒక రాత్రి అతని ఇంట్లో కరెంటు పోతుంది. చీకట్లో ఆమె ఆ పాట ఎత్తుకుంటుంది, అతను తడబడుతూ పరుగెత్తుకొస్తాడు. ఒక్క ప్రేమ మాట లేదు. సినిమా మొదటి నుంచి అట్టిపెట్టిన బాకీ అక్కడ తీరింది. “కెమిస్ట్రీ బాగుంది” అన్న మాటకి బదులు రాయాల్సింది ఇలాంటి బాకీల గురించి: ఎక్కడ పెట్టారు, ఎక్కడ తీర్చారు.

మూడోది పిలుపులు. తమిళంలో జంట “నీంగ” (మీరు) నుంచి “నీ” (నువ్వు)కి, అక్కడి నుంచి “డా”, “డీ” (ఒరేయ్, ఒసేయ్ లాంటివి)కి మారే చోటు చాలా ప్రేమకథల్లో మలుపు. తెలుగు డబ్బింగ్‌లో “మీరు” ఎక్కడ “నువ్వు” అయిందో గమనించండి. మొదటి సీన్ నుంచే “నువ్వు” పెట్టేస్తే ఆ మలుపు మనకి కనిపించకుండా పోతుంది, అప్పుడు జంట మధ్య దగ్గరితనం తొందరగా వచ్చేసిందని దర్శకుణ్ని తప్పుపడతాం.

నాలుగోది వెంటపడటం. వద్దన్న అమ్మాయి వెనక తిరగడం, అబద్ధంతో దగ్గరవడం తమిళ ప్రేమ కామెడీలకి పాత అలవాటు. ‘రెమో’ (2016)లో హీరో నర్సు వేషం వేసి దగ్గరవుతాడు. ఇలాంటివాటి మీద ఉపన్యాసం అక్కర్లేదు, వెనకేసుకు రావడమూ అక్కర్లేదు. అతను ఏం చేశాడో క్రియాపదాలతో రాయండి, నిజం తెలిశాక ఆమెకి కోపపడే సమయం సినిమా ఎంత ఇచ్చిందో రాయండి. పాఠకుడు మిగతాది తేల్చుకుంటాడు.

పాటల గురించి ఒక్క ప్రశ్న: పాట మొదలయ్యేనాటికి, అయ్యేనాటికి పాత్రల మధ్య ఏదైనా మారిందా? మారకపోతే ఎంత మంచి ట్యూన్ అయినా కథని ఆపినట్టే.

6. డబ్బింగ్ గురించి మాట్లాడటం

“డబ్బింగ్ కుదర్లేదు” అనే ముందు మూడు విషయాలు చూడండి.

పెదాలు: ప, బ, మ అక్షరాల దగ్గర పెదాలు మూసుకుంటాయి. క్లోజప్‌లో ఇవి తప్పితే వెంటనే పట్టుబడతాయి. దూరం షాట్‌లో, వెనక్కి తిరిగిన షాట్‌లో రచయితకి స్వేచ్ఛ ఉంటుంది, కాబట్టి అక్కడ మాట పేలవంగా ఉంటే సాకు లేదు.

పొడవు: తమిళ పంచ్ పొట్టిగా ఉండి తెలుగు పొడుగైతే, నటుడి ముఖం నవ్వించేశాక మాట వస్తుంది. కామెడీ చచ్చేది ఎక్కువగా ఇక్కడే.

యాస: మదురై మాటని పుస్తకాల తెలుగులో పెడితే పాత్ర చదునైపోతుంది. దానికి కరీంనగర్ యాసో, గోదావరి యాసో తొడిగితే తెర మీద కనిపించే ఊరికీ వినిపించే ఊరికీ పొంతన ఉండదు. రెంటికీ నష్టాలున్నాయి. నిజం చెప్పాలంటే ఊరిపేరు తెలియని మామూలు వాడుక మాట, కాస్త వేగం మార్చి చెబితే చాలాసార్లు నయం.

7. పేర్లు, టైటిళ్లు

తమిళ పేర్ల ముందున్న అక్షరం సాధారణంగా తండ్రి పేరుకి గుర్తు, మనలా ఇంటిపేరు కాదు. దాన్ని ఇంటిపేరనుకుని పేర్లు కలపకండి. నటుల పేర్లకి తెలుగు పోస్టర్ మీద ఏ వర్ణక్రమం ఉంటే అదే వాడండి, రివ్యూ అంతా ఒకేలా ఉంచండి. తమిళ టైటిల్ ఒకసారి, తెలుగు టైటిల్ ఒకసారి, సంవత్సరంతో సహా మొదటి పేరాలో పెడితే పాఠకుడికి వెతుక్కోవడం సులువు.

8. రాసే వరస

ఆరేడు వందల మాటల రివ్యూకి ఈ వరస నప్పుతుంది:

- మొదటి 60 మాటలు: మీ తీర్పు, దానికి కారణమైన ఒక సీన్
- తర్వాతి 100 మాటలు: కథ. మొదటి అరగంట దాటి వెళ్లొద్దు
- 250 మాటలు: ఒక నవ్వు సీన్, ఒక ప్రేమ సీన్ దగ్గర నుంచి
- 100 మాటలు: నటన, మాటలు, డబ్బింగ్
- మిగిలింది: ఎక్కడ తేలిపోయింది, ఎందుకు

సంగీతానికో పేరా, కెమెరాకో పేరా, ఎడిటింగ్‌కో పేరా అని పంచిపెట్టకండి. చెప్పడానికి ఏదైనా ఉన్నదాని గురించే చెప్పండి. రేటింగ్ ఇచ్చేట్టయితే అన్నీ రాశాక, ఆఖర్న ఇవ్వండి. ముందే అంకె వేసుకుంటే వాక్యాలు దానికి వకాల్తా పుచ్చుకుంటాయి.

9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

తప్పు: “తమిళ నేటివిటీ ఎక్కువైంది.”
సవరణ: ఏది అడ్డం వచ్చిందో చెప్పండి. పెళ్లి తంతా, ఊరి పేరా, రాజకీయ జోకా? “పెళ్లిచూపుల సీన్లో వేసిన మూడు రాజకీయ జోకులు తెలుగులో ఎవరికీ తగల్లేదు” అంటే అది సమాచారం.

తప్పు: “మన ఫలానా సినిమాలా ఉంది.”
సవరణ: ఏ సంవత్సరం సినిమా ముందో చూడండి. తమిళ కథ మన దగ్గర రీమేక్ అయి ఉంటే పోలిక తిరగబడుతుంది. ‘సూదు కవ్వుమ్’ (2013) ఇప్పుడు చూసి ‘గడ్డం గ్యాంగ్’ (2015)లా ఉందని రాయడం ఈ కోవలోదే.

తప్పు: మలుపు చెప్పకుండా “క్లైమాక్స్‌లో ట్విస్ట్ ఉంది” అనడం.
సవరణ: ట్విస్ట్ ఉందని చెప్పడం కూడా చెప్పేయడమే. ఆ వాక్యం కొట్టేయండి.

తప్పు: హాలు నవ్విందని కామెడీ బాగుందనడం, లేదా నవ్వలేదని చెత్త అనడం.
సవరణ: హాలు సంగతి ఒక వాక్యం, మీ సంగతి ఒక వాక్యం, విడివిడిగా.

తప్పు: ఇరవై ఏళ్ల నాటి సినిమాని నేటి మాటలతో ఉతికేయడం, లేదా “అప్పట్లో అంతే” అని వదిలేయడం.
సవరణ: అదే సంవత్సరాల్లో వచ్చిన ఇంకో తమిళ సినిమా అదే విషయాన్ని ఎలా చూపించిందో పక్కన పెట్టండి.

10. పోస్ట్ పెట్టే ముందు, పెట్టాక

- ఏ వెర్షన్, ఎక్కడ చూశారో పైన ఉందా?
- పేర్లు, సంవత్సరాలు, నిడివి మరోసారి సరిచూశారా?
- తమిళ డైలాగ్ ఉదహరిస్తే తెలుగు లిపిలో, అర్థంతో సహా ఉందా?
- ఈ రివ్యూలోంచి సినిమా పేరు తీసేస్తే వేరే సినిమాకి అతుకుతుందా? అతికే వాక్యాలన్నీ కొట్టేశారా?
- ఉచిత టికెట్టో, ప్రీమియర్ పిలుపో, డబ్బో అందితే అది రాశారా?

పెట్టాక వచ్చే వ్యాఖ్యల్లో తమిళం తెలిసినవాళ్లు చెప్పే సవరణలకి ముందు చోటివ్వండి. యాస, సామెత, ఊరి సంగతులు తప్పు రాసి ఉంటే దిద్ది, దిద్దిన తేదీ కింద పెట్టండి. అభిప్రాయం మాత్రం ఒత్తిడికి మార్చకండి. విడుదలయ్యాక కొన్ని సినిమాలకి సీన్లు కత్తిరిస్తారు, ఓటీటీకి వచ్చేసరికి కొన్నింటికి కలుపుతారు. అలాంటప్పుడు పాత రివ్యూని తుడిచేయకుండా, కొత్త నిడివి, మారిన సీన్లు, మీ తీర్పు మారిందో లేదో నాలుగు వాక్యాల్లో కింద చేర్చితే సరిపోతుంది.